ఎండ్రెస్ పెట్టిన ఖాళీ గిన్నె

మైన్ నది ఒడ్డున మా ఊళ్ళో ఇవ్వడమంటే కూజా వంచడమే. ‘షెంకెన్’ అన్న మాటకి తాతల కాలంలో అర్థం అదే, పాత్ర వంచి తాగడానికి పోయడం. గడప దాటి వచ్చినవాళ్ళకి పోయగా పోయగా, ఏదైనా ఉచితంగా ఇవ్వడానికీ అదే మాట అయింది. పట్నంవాళ్ళు పోయడం మర్చిపోయి ఇవ్వడం ఒక్కటే గుర్తుంచుకున్నారట. వాళ్ళ ఖర్మ. మా దగ్గర మాత్రం పోయకుండా ఏదీ ఇచ్చినట్టు కాదు. అడిగేవాడు ఇద్దరు సాక్షుల ముందు కూర్చుని, కావలసినదాని పేరు చెప్పి, ఖాళీ గిన్నె పెడతాడు. దాని సొంతదారుకి ఇష్టమైతే ద్రాక్షసారా పోస్తాడు. లేకపోతే ఆ మనిషి లేచి వెళ్ళేదాకా ఇంట్లో ఎవరూ అతని గిన్నెలో చుక్క పోయరు.

నిరుటి కోతలప్పుడు నాన్న నాకు అలాగే ఎండవాలు అనే ద్రాక్షతోట పోసి ఇచ్చాడు. నాకు ఉన్నదల్లా అదే. తర్వాత చలికాలంలో ఆయన మతి పోయింది. నన్ను చూసి ఎవరి అమ్మాయివని అడుగుతాడు. కానీ ఖాళీ గిన్నె కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

అది తెలిసే వచ్చాడు పక్క తోట ఎండ్రెస్. నేను మధ్యాహ్నం రొట్టె కోస్తుంటే, మిల్లువాణ్ణీ చర్చిలో గంట కొట్టేవాణ్ణీ వెంటేసుకొచ్చి నాన్న ఎదురుగా కూర్చున్నాడు. గిన్నె బల్లమీద పెట్టాడు.

"ఎండవాలు" అన్నాడు.

ఇచ్చినదాన్ని మళ్ళీ ఇచ్చేవాడు మా ఊరికి దొంగ. మూడు ఆదివారాలు మెడలో కూజా తగిలించుకుని చర్చి గుమ్మంలో నిలబడాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ మా నాన్న.

"సిగ్గులేదా ఎండ్రెస్? మతిలేని మనిషిని పట్టుకుని అడుగుతావా?"

"నిన్నేమన్నా అన్నానా కునిగుండా? నీ పని నువ్వు చూసుకో."

నాన్న కూజా అందుకున్నాడు. లాక్కున్నాను. మళ్ళీ అందుకున్నాడు, మళ్ళీ లాక్కున్నాను. పసివాడిలా ఏడుపుమొహం పెట్టాడు. ఆ ముగ్గురూ నవ్వరు, తొందరపడరు, కదలరు. చెమటతో నా చేతులు జారుతున్నాయి.

చివరికి ఎండ్రెస్ నిట్టూర్చాడు. "సర్లే, పెద్దాయన్ని అలా గుంజకు, పాపం. నాకేం వద్దులే. ఎండన పడొచ్చాం, గొంతు ఆరిపోతోంది. ఇంత పోస్తే తాగి పోతాం."

పీడ విరగడైందనుకున్నాను. గబగబా గిన్నె నింపాను.

అతను రెండు చేతులతో గిన్నె ఎత్తాడు. మిల్లువాడు సాక్షిగా టోపీ తీశాడు. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. అతను లేవనే లేదు. తోట నాన్నది కాదు, నాది. వాడు మొదటినుంచీ కాచుక్కూర్చున్నది నా చేతికోసం.

"చూశారుగా?" అన్నాడు ఎండ్రెస్, మూతి తుడుచుకుంటూ.

"చూశాం."

వాళ్ళు వెళ్ళిపోయాక నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏమిచ్చావమ్మా వాళ్ళకి?"

"ఎండవాలు, నాన్నా."

"అయ్యో, అదెందుకిచ్చావు? అది మా కునిగుండకని అట్టేపెట్టానే."