నలభై ఒక్క మంది పాఠకులు

మా గ్రంథాలయానికి రోజూ పదిమంది చనిపోయినవాళ్లు వచ్చేవారు. పిలిచింది నేనే కాబట్టి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

కోరుట్లకు ఇవతల ఒక చిన్న ఊళ్లో శాఖా గ్రంథాలయం అది. రెండు గదులు, ఆరు బెంచీలు, ఒక బీరువా, నేను. నా పేరు చంద్రమౌళి. లైబ్రేరియన్‌ని, రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. తెరిచి ఉంచడం నా పని, రావడం జనం పని. నా పని నేను చేశాను, జనం చేయలేదు. పేపరు చదివే నలుగురు ముసలివాళ్లు, పరీక్షలకు చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు, అంతే.

ఆరేడేళ్ల కిందట ఒక పుకారు పుట్టింది. రోజుకు పదిహేను మందైనా రాని శాఖలను ఎత్తేసి పక్క మండలంలో కలిపేస్తారట. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ఆ దుమ్ము నేను తిన్నాను, కలిపేది మాత్రం ఎవరో. పాఠకుల రిజిస్టరులో దొంగపేర్లు రాయడం మొదలుపెట్టాను. బతికున్నవాళ్ల పేర్లు రాస్తే చిక్కు. తనిఖీకి వచ్చినవాళ్లు బయట ఎవరినైనా పట్టుకుని అడిగితే "నేనెప్పుడు పోయిన?" అంటారు. పోయినవాళ్లైతే అడ్డం రారనుకున్నాను.

వాళ్ల పేర్లు వెనక గదిలో దొరికాయి. అక్కడ ఉమ్మడి జిల్లా గెజిట్లు ఉండేవి, ఏడాదికొక కట్ట, అట్ట వేసి కుట్టినవి. సర్కారు ఏం చేసిందో జనం చూసుకోవాలని వాటిని గ్రంథాలయాలకు పంపేవారు. ఆఫీసులో కాగితం అడిగితే నీకెందుకు అంటారు, మా దగ్గర ఆ మాట అనకూడదు. అయితే నా సర్వీసులో వాటిని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. 1994 కట్టలో మా ఊరి నేతకార్మికులకు ఇచ్చిన ఇళ్ల స్థలాల జాబితా కనబడింది. పేరు, తండ్రి పేరు, ప్లాటు నంబరు. ఊళ్లో వాకబు చేసి, పోయినవాళ్ల పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నాను. నలభై ఒక్కరు తేలారు. రోజుకు పదిమంది చొప్పున వంతులవారీగా రప్పించాను.

రిజిస్టరులో 'చదివిన పుస్తకం' అని ఒక గడి ఉంటుంది. ఏం రాయాలో తోచక, ముందున్నదే రాశాను. గెజిట్ నంబరు, తేదీ, పేజీ. అంటే పోయిన ప్రతి మనిషీ మా బెంచీ మీద కూర్చుని తన పేరున్న పేజీనే చదివి వెళ్లినట్టు లెక్క. ఇక సంతకం గడి. నలభై ఒక్క రకాల సంతకాలు చేయడం నా వల్ల కాలేదు. మగ్గాల మీద బతికినవాళ్లకు చదువెక్కడిది అనుకుని అందరికీ వేలిముద్ర వేశాను, నా ఎడమ బొటనవేలితో.

మొదటి వారం నాలో నేనే నవ్వుకున్నాను. రెండో వారం దగ్గు వినిపించింది.

పొద్దున తొమ్మిదిన్నర. పేపరు ముసలివాళ్లు వెళ్లిపోయారు, గది ఖాళీ. సాంచాల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, దూది దుమ్ము పీల్చినవాళ్ల దగ్గు వేరుగా ఉంటుంది. గొంతులో కాదు, ఎక్కడో లోపల గీరుకుంటూ ఆగి ఆగి వస్తుంది. సిరిసిల్లలో సాంచాలు నడిపిన మా మేనమామది అదే దగ్గు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ఇంకోనాడు మూడో బెంచీ దగ్గర పడుగుకు పెట్టే గంజి వాసన వచ్చింది. చెయ్యి వేస్తే, అప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు చెక్క వెచ్చగా తగిలింది. పేర్లు రాయని రోజు ఏమీ ఉండేది కాదు. రాసిన రోజు తప్పకుండా ఉండేది. "టైమైంది, లేవుండ్రి" అని ఖాళీ గదిని కసిరిన రోజులున్నాయి. కసిరితే బెంచీలు కిర్రుమనేవి. భయపడ్డాను, దాచడమెందుకు, చాలా భయపడ్డాను. అయినా రాయడం మానలేదు.

2021 వానలకు వెనక గది కప్పు కురిసింది. వాళ్లు అక్కడ ఉంటారన్న భయంతో రెండు వారాలు ఆ తలుపే తీయలేదు. తీసేసరికి గెజిట్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. పైకి రిపోర్టు చేయకుండా పారబోయించాను. శాఖను ఎవరూ కలపలేదు, ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. దొంగపేర్లు ఆపేశాను. అప్పటి నుంచి రాయకపోయినా వచ్చేవారు. చదువుకోవడానికి పేజీ లేదు కదా, ఊరికే కూర్చుని దగ్గేవారు.

మొన్న శనివారం పొద్దున ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పోశవ్వకు అరవై దాటి ఉంటాయి. కూతురు సరిత సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తుంది, లీవు పెట్టి తల్లిని తీసుకొచ్చింది.

"సారూ, గీడ పాత గెజిట్లు ఉంటయట గదా," అంది సరిత. "మా గల్లీల అందరికి నోటీసులు అచ్చినయి. గా జాగ సర్కారుదట, ఇండ్లు ఖాళీ చెయ్యాల్నట. పట్టా ఉంటె చూపెట్టుమన్నరు."

"పట్టా ఏదమ్మా?"

"మాయిన సందుగల దాసిండు," అంది పోశవ్వ. "పెట్టె తీసి సూస్తె చెదలు తిన్నయి. మట్టి మిగిలింది."

జగిత్యాల ఆఫీసులో వాళ్లకు ఒక దారి చెప్పారట. గెజిట్‌లో పేరు పడి ఉంటే దాని నంబరు, తేదీ తెస్తే హైదరాబాదు నుంచి నకలు తెప్పిస్తారు. అయితే నోటిమాట చాలదు. ఏ రికార్డు చూసి చెప్పారో లైబ్రరీవాళ్లు రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. గడువు సోమవారం.

"మీ ఆయన పేరేంది?"

"జలపతి. పోయి పదిహేనేండ్లాయె."

ఆ పేరు నా చేత్తో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు.

"గెజిట్లు లేవు," అన్నాను. "వానకు కరాబైనయి."

అది అబద్ధం కాదు. కానీ నంబరు, తేదీ, పేజీ బీరువాలో రిజిస్టరు నిండా ఉన్నాయి. ఆ రిజిస్టరు బయటపెడితే, 2009లో పోయిన మనిషి 2018లో మా దగ్గరికి వచ్చి చదువుకున్నాడని నేనే చూపించినట్టవుతుంది. ఉద్యోగం పోతుంది, పెన్షనుకు ఎసరొస్తుంది. ఇన్నేళ్లలో గెజిట్ కోసం వచ్చిన మొదటి మనుషులు వీళ్లు, వీళ్లను వట్టి చేతులతో పంపుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా బీరువా వైపు చూడలేదు.

సరిత తల్లి చెయ్యి పట్టుకుని లేపింది. పోశవ్వ కదల్లేదు. మూడో బెంచీ వైపు తల తిప్పింది.

"ఎవలో దగ్గుతున్నరు," అంది.

"ఎవలు లేరమ్మా."

"మాయిన గిట్లనే దగ్గుతుండె." ఆమె మెల్లగా వెళ్లి ఆ బెంచీ మీద ఒక పక్కగా కూర్చుంది, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.

ఇక నా వల్ల కాలేదు. బీరువా తీసి, రిజిస్టరు తెచ్చి సరిత ముందు పెట్టాను. పేజీ నేనే తిప్పి చూపించాను. ఆ అమ్మాయి వేలు పెట్టి చదివింది. పేరు, తండ్రి పేరు, గెజిట్ నంబరు, తేదీ. తర్వాత రిజిస్టరు తేదీ దగ్గర ఆగిపోయింది.

"అవ్వా, నాయిన గీడికి అచ్చిండట. రెండువేల పద్దెనిమిదిల."

పోశవ్వ అదేమీ వింతగా తీసుకోలేదు. "సంతకం వెట్టిండా?" అంది.

"లేదు. ఏలిముద్ర ఉన్నది."

"అయితె గాయిన కాదు."

ఆమె నా వైపు చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది. "మాయినకు సంతకం అచ్చు సారూ. పట్టాలు ఇస్తరంటె ఆర్నెల్లు పలక వట్టుకొని నేర్సుకున్నడు. నా ఇంటి కాయితం మీద ఏలు ఎయ్య అన్నడు. ఇచ్చిన్నాడు అందరి ముంగట సంతకం వెట్టిండు. గీ ఏలు ఎవలిది?"

"నాది," అన్నాను.

"సదువు రాదనుకున్నరా?"

"అనుకున్న."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. మొత్తం చెప్పాను. పుకారు, టిక్కులు, వాన, ఏదీ వదల్లేదు. ఆ తర్వాత తెల్ల కాగితం తీసి రాశాను. ఈ నంబరు గెజిట్ నా అజాగ్రత్త వల్ల పాడైంది. పాడవక ముందు అందులోంచి ఈ పేర్లు నేనే రిజిస్టరులో ఎక్కించాను. వీళ్లు గ్రంథాలయానికి వచ్చారన్నది అబద్ధం, గెజిట్ వివరాలు నిజం. వేలిముద్రలన్నీ నావి. కింద సంతకం చేసి ముద్ర వేశాను.

సరిత రెండుసార్లు చదివింది. "గిది ఇస్తె మీ నౌకరి పోతది గద సారూ."

"పోవచ్చు."

"ఇంకో మాట రాయుండ్రి," అంది పోశవ్వ. "జలపతికి సంతకం అచ్చని." రాశాను. కాగితం మడిచి కొంగున కట్టుకుంటూ, గుమ్మం దగ్గర ఆగింది. "నోటీసులు నా ఒక్కదానికే రాలె సారూ. గా నలబై మంది ఇండ్లకు గూడ అచ్చినయి. ఆళ్లల్ల ఎవలికి సంతకం అచ్చో మీకేం ఎరుక?"

ఆ సాయంత్రం ఏడు దాకా నలభై ఉత్తరాలు రాశాను, ఒక్కోదాంట్లో ఒక వాక్యానికి చోటు వదిలి. ఆదివారం పొద్దున గ్రంథాలయానికి తాళం వేసి, వాళ్ల గల్లీకి నడిచాను. మొదటి ఇల్లు ప్లాటు రెండు. గొళ్లెం చప్పుడు చేస్తే కొమురమ్మ అనే ముసలావిడ వచ్చింది.

"ఎవలు గావాలె?"

"నర్సన్న ఇల్లు గిదేనా అమ్మా?"

"గిదే. గాయిన పోయి పన్నెండేండ్లాయె. నువ్వెవలు?"

"లైబ్రరీ నుంచి అచ్చిన. గాయిన పోయిండని ఎరికే. సంతకం వెడుతుండెనా, ఏలు ఏస్తుండెనా, గది అడుగుదామని అచ్చిన."

ఆమె తలుపు పూర్తిగా తీసింది.

"సంతకమే," అంది. "లోపలికి రా, చూపెడత."