లక్ష్మప్ప చేలో నూనె ఇసుక

ఆదోని నూనె మిల్లులో ముప్పై ఏళ్లు బాయిలర్ నడిపిన మద్దయ్యకు రిటైరయ్యాక మళ్లీ ఆవిరితో పని పడింది. ఒక పొద్దున నందవరం దగ్గరి పల్లె నుంచి బామ్మర్ది లక్ష్మప్ప ఫోన్ చేశాడు.

"బావా, మా చేను అడుగున నూనుండాది! ఆవిరి పట్టి తీయల్లంట. నువ్వు బిరీన రా."

భార్య పోయాక ఆయన్ని బిరీన రమ్మన్నవాళ్లు లేరు. బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

చేలో ఉల్లి పైరు ఏపుగా ఉంది. మధ్యలో లక్ష్మప్ప కరెంటు తీగకు రాతికూసం, అంటే రాతి స్తంభం, పాతడానికి తీసిన గొయ్యి, అందులో నల్లటి జిడ్డు ఇసుక. గట్టు మీద జేసీబీ. దాని తొట్టికి అడ్డంగా లక్ష్మప్ప పెండ్లాం ఉచ్చీరమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అన్నా, ఇంక పదైదు దినాలకు గడ్డ చేతికొస్తాది. ఈ మనిషి దున్నేస్తానంటాడు. నువ్వన్నా సెప్పు."

ఆదోని పత్తి వ్యాపారి కొడుకు మనీష్ లీజు కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

"కెనడాలో ఇట్లాంటి ఇసుకనే తవ్వి, వేడినీళ్లలో కడిగి నూనె తీస్తారు అంకుల్. లోతుగా ఉంటే ఒక గొట్టంలో ఆవిరి పంపిస్తారు. నూనె కరిగి ఇంకో గొట్టంలోకి దిగుతుంది. మీరు పరీక్ష చేసి నూనె ఉందంటే చాలు, ఇప్పుడే సంతకం, ఇప్పుడే తవ్వకం."

"సర్కారు ఒప్పుకోవల్ల గదప్పా?" అన్నాడు మద్దయ్య.

"ముందు నూనె రానీ అంకుల్!"

"ఇది దేవుడిచ్చింది బావా," అన్నాడు లక్ష్మప్ప. "తాతల కాలం నుంచి ఈ తావులోనే ఆంజనేయస్వామి రాయుండె. ఊళ్లో గుడి కట్టినాక ఆడికి మార్చిరి. పోతా పోతా మనకు పెట్రోలు పెట్టిపోయినాడు సామి!"

మద్దయ్య పాలక్యానులో ఇసుక నింపాడు. ఉచ్చీరమ్మ కుక్కర్ మీది విజిల్ తీసి, ఆవిరి క్యానులోకి పోయేట్టు రాగి గొట్టం బిగించాడు. క్యాను అడుగున ఇంకో గొట్టం పెట్టాడు.

"చేను సాలక నా కుక్కర్ కూడానా?" అంది ఉచ్చీరమ్మ.

పత్తికట్టెల మంట రాజుకుంది. కాసేపటికి కింది గొట్టంలోంచి ముందు నీళ్లు, వెనకాలే నల్లగా, చిక్కగా ఒక్కో చుక్కే నూనె దిగింది. లక్ష్మప్ప గంతేసి జేసీబీ డ్రైవరును కౌగిలించుకున్నాడు. మనీష్ పెన్ను మూత తీశాడు.

మద్దయ్య వంగి వాసన చూశాడు. కళ్లు మూసుకున్నా ఏ గింజ నూనో చెప్పగల ముక్కు అది. చెప్పాలంటే మాత్రం నోరు రాలేదు. బామ్మర్ది అంత సంతోషంగా గెంతడం పెళ్లిలో కూడా చూడలేదాయన.

"ఉచ్చీరమ్మా, నువ్వొకసారి వాసన సూడమ్మా."

ఆమె వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది ఆముదం గదన్నా!"

లక్ష్మప్ప గెంతడం ఆపాడు.

"శనివారం శనివారం సామి రాయి మీద చెంబెడు ఆముదం పోసేది ఈ ఇంటి కోడండ్ల పని. గుడి కట్టేదాకా పదేండ్లు నేనే పోస్తి. నాకు ముందు మా అత్త, ఆమెకు ముందు వాళ్లత్త. ఆ నలుపంతా దీపాల మసి."

"నాకెప్పుడూ సెప్పలేదే?" అన్నాడు లక్ష్మప్ప నీరసంగా.

"నువ్వెప్పుడన్నా అడిగితివా? శనివారమొస్తే ఎమ్మిగనూరికి టీ తాగను పోతాంటివి!"

మనీష్ పెన్నుకు మూత పెట్టాడు. జేసీబీ వెనక్కి తిరిగింది. తిరగడంలో దాని టైరు కింద ఒక్క మడి నలిగింది. మిగతా పైరంతా నిలబడి ఉంది. మద్దయ్య దాన్ని చూసి తృప్తిగా పొయ్యి ఆర్పాడు.

లక్ష్మప్ప తలమీద టవలేసుకుని గట్టున కూలబడ్డాడు. ఉచ్చీరమ్మ చల్లారిన నూనెను గుడ్డలో వడగట్టి, టవలు లాగేసి, మొగుని నడినెత్తిన పోసి అదిమింది.

"మూడు దినాల నుంచి తల వేడెక్కి ఉండావు. కండ్లు మూసుకో."

లక్ష్మప్ప బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు. కాసేపాగి ఒక కన్ను తెరిచాడు.

"సల్లగానే ఉండాది బావా. ఇంకా అడుగుకు పోతే ఎంతుంటాదంటావు?"

ఉచ్చీరమ్మ ఇంకాస్త గట్టిగా అదిమింది.