వెర్లీన్ ఉతికిన జెండా

ఎండాకాలంలో ఏసీ పనిచెయ్యకపోతే తిట్టుకోవచ్చు. పనిచేస్తూ కారితే ఎవర్ని తిట్టుకోవాలి? మా క్లియర్ ఫోర్క్ బాప్టిస్టు చర్చిలో వేదిక కుడిమూల ఈస్టరు నాటినుంచీ చుక్కా చుక్కా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అది ఏసీ నీళ్ళని ఒకాయన, కాదు కప్పే కారుతోందని ఇంకొకాయన. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరూ నిచ్చెన ఎక్కలేదు. ఆ చుక్క మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా తిన్నగా వచ్చి, అక్కడ కర్రకి కట్టిన అమెరికా జెండా మీద పడేది.

ఆ జెండా మామూలుది కాదు. వియత్నాం యుద్ధంలో పోయిన పెద్దకొడుకు డ్యూయీ పేరున హార్లన్ వాళ్ళమ్మ చర్చికిచ్చిన నూలు జెండా. హార్లన్ ట్యాకెట్ మా సంఘపెద్దల్లో పెద్ద, ట్రాక్టర్లమ్మి రిటైరైనవాడు. ఆయన పికప్పు బండి వెనకాల దేవుడి స్టిక్కరొకటి, దేశం స్టిక్కరొకటి, ఓటేసే పార్టీ స్టిక్కరొకటి ఉంటాయి. మూడూ ఒకటేనని ఆయన నమ్మకం. భార్య వెర్లీన్‌కి నమ్మకాల మాటెలా ఉన్నా వాసనలు పడవు. జెండా ముక్కిపోయిన వాసన కొడుతోందని, ఓ సోమవారం ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చి, వేడినీళ్ళు పెట్టి వాషింగ్ మెషీన్లో తిప్పింది.

మూత తీసి చూస్తే ఎర్ర రంగు దిగి తెల్ల చారలన్నీ గులాబీరంగు. నక్షత్రాలు కూడా.

మళ్ళీ తిప్పింది. ఇంకా బాగా పట్టింది.

ఎండకి వెలుస్తుందేమోనని పెరట్లో దండెం మీద ఆరేసింది. హార్లన్ చేపలవేటకి పోయాడు. సరిగ్గా అప్పుడే పాస్టరు జోయెల్ ప్రూయిట్ వచ్చాడు, ఆవిడ ఓవెన్‌లో వండి పంపిన చికెన్ క్యాసరోల్ అనే వంటకం గిన్నె తిరిగిచ్చి పోదామని. ముప్పై నిండని కుర్రాడు. వచ్చి ఏడాది కాలేదు, భార్య కడుపుతో ఉంది, ఉండేది చర్చి ఇచ్చిన ఇల్లు. గిన్నె పట్టుకుని దండెం వంక చూశాడు. వెర్లీన్ వంక చూశాడు.

“చికెన్ చాలా బాగుంది సిస్టర్,” అని గిన్నె గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం వేదిక మీద, రెండువైపులా ఉండే జెండాల్లో సిలువ బొమ్మున్న క్రైస్తవ జెండా ఒక్కటే ఉంది. రెండోవైపు ఉత్త కర్ర. మొదటి పాట ఎత్తుకోకముందే గుసగుసలు లేచాయి.

“కొత్తాయనే తీయించేశాడు.”

“ఆ బిగుతు ప్యాంట్లు చూసినప్పుడే అనుకున్నా.”

“బళ్ళో ప్రార్థన తీసేశారు, ఇప్పుడు చర్చిలో జెండా. ఇంక మిగిలింది బైబిలేగా!”

ఇంటికెళ్తూ హార్లన్ స్టీరింగుని పిసికేస్తున్నాడు. “మా అన్న జెండా అది వెర్లీన్! బుధవారం మీటింగులో వాణ్ణి సాగనంపకపోతే నా పేరు హార్లన్ కాదు.”

“ముందు అడగొచ్చుగా?”

“దొంగనడిగి తెలుసుకుంటారా ఎవరైనా?”

బండి దిగేలోపు చెప్పేద్దామనుకుంది వెర్లీన్. దిగాక చెబుదాంలే అనుకుంది. తర్వాత ఓవెన్‌లో మాంసం మాడుతుందని లోపలికి పరిగెత్తింది. మర్నాడు ఆయన బీపీ ఎక్కువుంది. ఆ మర్నాడు ఆయన హుషారుగా ఉన్నాడు, పాడుచెయ్యడం ఎందుకనిపించింది. బుధవారం పొద్దుటికి జెండా ఇంకా అల్మారాలో క్రిస్మస్ దుప్పట్ల కిందే ఉంది.

మీటింగుకి హాలు నిండిపోయింది. ఆదివారాలు లేవలేని రోగులు కూడా వచ్చి ముందు వరసలో కూచున్నారు. హార్లన్ లేచాడు.

“పాస్టరు గారూ, సూటిగా అడుగుతున్నా. జెండా మీరు తీశారా?”

“లేదండీ.”

“మరెవరు తీశారు?”

“అది నేను చెప్పను.”

“తెలీదా, చెప్పరా?”

“చెప్పను.”

కుర్చీలు కిర్రుమన్నాయి. జోయెల్ భార్య పొట్టమీద చెయ్యేసుకుని నేలచూపులు చూస్తోంది. వెర్లీన్ ఒళ్ళో సంచీని రెండు చేతులా నొక్కిపట్టుకుంది.

“పోనీ ఇది చెప్పండి. అది అక్కడ లేదని మీకు బాధగా ఉందా?”

ఒక్క అబద్ధం ఆడితే బతికిపోయేవాడు. ఆడలేదు. “ఈ దేశమంటే నాకూ ప్రాణమే బ్రదర్ హార్లన్. మా తాత కూడా యుద్ధం చేసొచ్చాడు. కానీ ఆ ఆరాధన గదిలో రాజు క్రీస్తు ఒక్కడే. ఆయన పక్కన ఇంకేదీ లేకపోయినా నాకు లోటనిపించదు.”

“విన్నారా, విన్నారా!” అంది వెనకనుంచి ఒకావిడ.

“మావాళ్ళు నెత్తురు చిందిస్తేనేగా నాయనా, నువ్వక్కడ నిలబడి ఆ మాటంటున్నావు?” అన్నాడో ముసలి సైనికుడు. ఆ మాట ఆయన అరిచి అనలేదు. అందుకే అందరికీ తగిలింది.

“పాస్టరు గారిని తొలగించాలని ప్రతిపాదిస్తున్నా,” అన్నాడు హార్లన్. మా పద్ధతిలో ఇంకొకరు లేచి బలపరిస్తే గానీ అది ఓటుకి పోదు.

వెర్లీన్ లేచింది. సంచీలో చెయ్యి పెట్టింది.

“సిస్టర్ వెర్లీన్ బలపరిచారు,” అని గుమస్తా ఆవిడ చకచకా రాసేసుకుంది. చప్పట్లు పడ్డాయి. హార్లన్ భార్యని చూసి మురిసిపోయాడు. పెళ్ళినాడు కూడా అంత గర్వంగా చూసుండడు. జోయెల్ మాత్రం ఆవిడ వైపు తిరగనే లేదు, తన చూపు పట్టిచ్చేస్తుందేమోనన్నట్టు.

“కాదు! బలపరచట్లా! జెండా నేనే తీశా. ఉతికా,” అంది వెర్లీన్.

“ఉతికావా?”

“వాసనొస్తోంది హార్లన్.”

“ఉతికితే తెచ్చి పెట్టొచ్చుగా!”

బయల్దేరేముందు సంచీలో దూర్చుకున్న జెండాని వెర్లీన్ బయటికి తీసి విప్పింది. రెండో వరసలో ఒకావిడ మనవరాలి కళ్ళు మూసింది.

హార్లన్ దగ్గరికొచ్చాడు. అంచున వాళ్ళమ్మ కుట్టిన డ్యూయీ పేరుని బొటనవేలితో తడిమాడు. తర్వాత పాస్టరు వైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“దండెం మీద చూశానండీ.”

“ఉద్యోగం పోతున్నా చెప్పవేమయ్యా?”

“ఆవిడ క్యాసరోల్ తిన్నానుగా.”

హార్లన్ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. “మరి ఆ రాజు మాటో?” అని ఎవరో అందుకోబోతే, “కూచో,” అన్నాడు. కూచున్నారు.

గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. ఈ ఆదివారమే మా జూలై నాలుగు స్వాతంత్ర్య దినం ఆరాధన. పాడైన జెండాని గౌరవంగా కాల్చెయ్యాలి, అది నియమం అంటారు పెద్దలు. మా అమ్మ కుట్టిన పేరు కాల్చేదెవడు, అలాగే కట్టండి అంటాడు హార్లన్. గులాబీరంగుది కడితే ఊళ్ళోవాళ్ళు మనం ఏ పార్టీలో కలిశామనుకుంటారో అని మిగతావాళ్ళు. పాస్టరునడిగితే, “నాచేత ఇంకోసారి నోరు తెరిపించకండి,” అన్నాడు. చివరికి ఉతికినావిడే తేల్చాలని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మా చర్చిలో ఏకగ్రీవం చూడ్డం నాకిదే మొదలు.

వెర్లీన్ నిన్న నాకు ఫోన్ చేసి ఏడ్చింది. హార్లన్ ఇంట్లో మాట్లాడటం లేదట, జెండా ఒళ్ళో పెట్టుకుని కూచుంటున్నాడట. నేను ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళతో చేతులు కలిపేవాణ్ణి, నాకేం తెలుసు? నిమ్మరసం, ఉప్పు అని చెప్పకండి, అవన్నీ అయిపోయాయి. బాబ్బాబు, మీలో తెలిసినవాళ్ళుంటే ఆదివారం లోపల ఒక్క మాట చెప్పండి: కాల్చమనమంటారా, కట్టమనమంటారా?