పిండి చేతులతో చూసిన ఫోటోలు

అంచు విడిపోతే మరిగే నీళ్లలో లోపలి ముద్దంతా కలిసిపోతుంది, గట్టిగా నొక్కాలి, ఇంకా గట్టిగా, అనుకుంటూ తెక్లా కజ్జికాయలాంటి పిరోగీ అంచును బొటనవేలితో నొక్కుతూనే ఉంది, చర్చి నేలమాళిగలో పొడవాటి బల్ల, చుట్టూ ఆడవాళ్లు, ఉడికిన బంగాళాదుంపల ఆవిరి, చిన్న కిటికీ అవతల కెనడాలోని విన్నిపెగ్ మంచు, అన్నీ ఎరిగినవే, ఎరగనిదల్లా బల్ల కొసన మ్యూజియం అమ్మాయి పరుస్తున్న ఆ పాత ఫోటోలే, అందులో ఒకటి అమ్మ అంత్యక్రియలది, తను పుట్టిన వారానికే పోయిన అమ్మ, ఆమె రూపం ఈ లోకంలో మిగిలిన ఒకే ఒక్క చోటు, ఆనాటి ప్రతులన్నీ నాన్న సముద్రం అవతల ఉక్రెయిన్‌లోని అమ్మమ్మకే పంపేశాడు, అప్పుడు అందరూ చేసిన పనే, మీ బిడ్డ దిక్కులేకుండా పోలేదు, చూడండి ఎందరు సాగనంపారో అని చెప్పడానికి తెరిచిన శవపేటిక చుట్టూ వీధి వీధంతా నిలబడి కెమెరా వైపు చూసేది, ఆ ఫోటో తీసిన ఫోటోగ్రాఫరు ఇంటి అటక మీది నెగటివు గాజు పలక ఇన్నాళ్లకు బయటపడింది, ఈ ముక్కు అమ్మదేనా, ఈ నుదురు అమ్మదేనా, అద్దం ముందు ఎన్ని ఉదయాలు వెతుక్కుందని,

ఏమే తెక్లా, ఆ పిరోగీ పీక నులిమేస్తున్నావేమే, పాపం వదిలెయ్, అంది పరాస్కా, ఎనభైకి దగ్గరపడ్డా నాలుక పదును తగ్గని మనిషి, బల్లంతా ఘొల్లుమంది, వెళ్లి చూసి రారాదూ, చేతుల నిండా పిండి పిన్నీ, చేతులతో చూస్తారటే ఎవరైనా, పద, నేనూ వస్తా.

పేటిక ఉంది, పేటిక అంచున ఎంబ్రాయిడరీ తువ్వాలు ఉంది, ముడుచుకున్న చేతులు ఉన్నాయి, ముఖం ఉండవలసిన చోట తెల్లటి మరక, మంచు మీది ఎండ ఎగిసిపడి ముఖాన్ని మింగేసింది, పలకలోనే అలా ఉందండీ తెక్లా గారూ, అంటోంది ఆ అమ్మాయి, తన తప్పేమీ లేకపోయినా తలదించుకుని, రేపు మీ సంఘం హాలు గోడకు పెడతాం, కింద మీ అమ్మగారి పేరు రాస్తే చాలు కదా, చాలునా, ఒక జన్మంతా దాచుకున్న ఆకలికి ఒక మరక చాలునా,

ఇదిగో, ఈ మగవాళ్ల కోటు వేసుకున్నది నేనే, అంది పరాస్కా, మా అన్న కోటు, బొత్తాల మధ్య నుంచి తొంగిచూస్తున్న మూట నువ్వే, నా జడ చప్పరిస్తున్నావు, కదలొద్దంటాడు ఫోటోవాడు, నేను ఊపిరి బిగబట్టాను, నువ్వు మాత్రం కోటంతా తడిపేశావు, ఆ చలికి అది రేకులా బిగుసుకుపోయింది, మా అన్న మళ్లీ దాన్ని తొడిగితే ఒట్టు.

నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కన్ను చెమర్చింది, చూపు పక్క ఫోటోకు జారింది, హాలు ప్రారంభం రోజు, మాండొలిన్ల వరుస వెనుక రొట్టెల బట్టీ హన్నుస్యా భుజం మీద నిద్రపోతున్నది ఎవరు, ఆ పక్కది నది ఒడ్డున వనభోజనం, ఎవరి మాటా పడని ఫెవ్రోన్యా చంకలో ఆమె ముక్కు పట్టుకు లాగుతున్నది ఎవరు, మంచు మైదానం మీద వీధిలోని ఇద్దరు అక్కలు చేతులు పెనవేసి కట్టిన కుర్చీలో దొరసానిలా కూర్చున్నది ఎవరు, అప్పటికి నడక వచ్చిందిగా పిన్నీ నాకు, వచ్చింది, నడవనిస్తేగా మేము, నా వంతంటే నా వంతని కొట్టుకు చచ్చేవాళ్లం,

అమ్మాయీ, అందరి పేర్లూ రాయి, నేను చెబుతాను, అంటూ తెక్లా వేలు చాచింది, వేలి పిండి రాలి ఆ తెల్లటి మరక మీద పడింది, తుడవబోయి ఆగింది, ముఖం కోసం వెతికిన కళ్లు ఇప్పుడు తన పాదాలను వెతుకుతున్నాయి, ఉన్ని మేజోళ్లలో గాలిలో వేలాడుతున్న చిట్టి పాదాలు, ఇందులోనూ, అందులోనూ, ఆ చివరి దాంట్లోనూ, అంత మంచులో, అంత లేమిలో, ఏ ఒక్క ఫోటోలోనూ ఆ పాదాలను ఎవరూ నేల తాకనివ్వలేదు.