పగడాల డాక్టరు

పగడం కొమ్మ మీద ఆవగింజంత తెల్ల మచ్చలు గుండ్రంగా కనబడితే అది పురుగు కొరికిన గుర్తు. ఈ సంగతి విశాలాక్షికి ఎవరూ నేర్పలేదు. ఎసట్లో బియ్యం పోసి, అన్నం ఉడికేలోగా హాల్లో సముద్రపు పగడాలు పెంచే ఉప్పునీళ్ల గాజు తొట్టి ముందు భూతద్దంతో కూర్చుని మూడేళ్లలో తనే నేర్చుకుంది. నీళ్లలో ఉప్పు కలిపేది ఆమె. పగడాలను మందునీళ్లలో ముంచేది, మందుకు చావని పురుగు గుడ్లను పాత బ్రష్షుతో గీకేది ఆమె. పలకల బేరానికి మార్కాపురం వచ్చినవాళ్లందరికీ తొట్టి చూపించి, "జబ్బు ఇట్ల చూస్తానే అట్ల పట్టేస్తా. పగడాల డాక్టర్ని నేను" అనేది మాత్రం మొగుడు ఉమామహేశ్వర్లు. సొమ్మొకడిది సోకొకడిది. అయినా పోనీలే అనుకునేది. ఆ పగడాలంటే ఆమెకు ప్రాణం.

పోయిన నెల కొత్త పగడం వచ్చింది. మందునీళ్లలో ముంచందే వేయొద్దని ఆమె మొత్తుకుంది. "తొట్లో వేసే ముహూర్తం దాటిపోతే నువ్వు తెస్తావా?" అని అతను అలాగే వేసేశాడు. వారానికి పాతవాటికీ మచ్చలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆమె బయట చేరింది. చెబితే మూడు రోజులు తొట్టి దగ్గరికి రానివ్వరని దాచిపెట్టి, గుడ్లు గీకుతూ కూర్చుంది. బాత్రూములో ఏం చూసిందో, అత్త సుబ్బలక్ష్మమ్మ వచ్చి పడింది.

"ముట్టుతో తొట్లో చెయ్యి పెట్టినావటే! అందుకే పాడైపోయినాయి!"

"ముట్టా, కాదా? చెప్పవే!" అని మొగుడు బేరగాళ్ల ముందే నిలదీశాడు. పెరట్లోకి ఈడ్చి, తొట్టిలోంచి తోడిన ఆ ఉప్పునీళ్లే బకెట్టుతో నెత్తిన కుమ్మరించాడు. కళ్లు భగ్గున మండాయి. బేరగాళ్లు నవ్వారు. మూడు రోజులు పెరటి గదిలో పడేశారు. తిరిగొచ్చేసరికి ఆరు కొమ్మలు ఎముకల్లా తెల్లబడి ఉన్నాయి.

ఇవాళ పగడాల డాక్టరు గారి మీద వీడియో తీయడానికి ఒంగోలు నుంచి మనుషులొచ్చారు. పెద్ద పగడం అడుగున బంగారు రంగు గుడ్లు విశాలాక్షి పొద్దున్నే చూసింది. ఇవాళ గీకితే బతుకుతుంది.

"ఆ తెల్ల మచ్చలేంది సార్?" అన్నాడు కెమెరా పట్టుకున్నతను.

ఉమామహేశ్వర్లు తొట్టి మీదికి వంగి చూశాడు. వంటింటి గుమ్మంలో ఉన్న ఆమె వైపు తిరిగి, "ఏమే, ఇట్లరా. ఏందో చూడు" అన్నాడు.

ఆమె పగడం వైపు చూసింది.

"నేను రాకూడదు కదండీ," అంది అందరికీ వినపడేట్టు. "నాకు ముట్టొచ్చింది."

అత్త గబగబా చాప అందించింది. అది చంకన పెట్టుకుని ఆమె తనంతట తనే పెరటి గదిలోకి వెళ్లి పడుకుంది. ముట్టు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. పెద్ద పగడానికి అన్ని రోజులు లేవు.