ఉయ్యాలెక్కిన అన్నం గిన్నె

నేను ఒక సైకిలు క్యారియర్‌ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. నాకు నాలుగు కాళ్లున్నాయి, రెండు పక్కలా ఇనుప ఊచలున్నాయి, ఒంటినిండా గంజి వాసన. అయినా నేను పుట్టింది మాత్రం సైకిలు వెనక కూర్చోవడానికే.

ఏ ఊళ్లో పుట్టానో తెలియదు. ఊచలు వంచి, అతికి, పైన స్ప్రింగు పట్టీ బిగించిన మనిషి దాన్ని ఒకసారి పైకి లాగి వదిలాడు. టప్పున మూసుకుంది. "పట్టు బాగుంది" అన్నాడు. నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే. దాని మీదే ఇన్నేళ్లూ బతికాను.

మొదట నన్ను ఊరూరా చీరలమ్మే కోటేశు వాడుకున్నాడు. తనకంటే ఎత్తయిన మూటను నా మీద పెట్టి తొక్కేవాడు. ఆడవాళ్లు ఇరవై చీరలు విప్పించి, చివరికి మొదట చూసినదే తీసుకునేవారు. మిగతా పంతొమ్మిదీ మళ్లీ మడతపెట్టేటప్పుడు కోటేశు నవ్వుతూనే ఉండేవాడు. మనుషుల ఓపికకు నేను ఆశ్చర్యపోయింది అక్కడే.

ఆ తర్వాత తుని దగ్గర ఒక పల్లెలో నూకరాజు చేతికొచ్చాను. పొద్దున పచ్చిగడ్డి మోపు, ఆపైన బడికెళ్లే కూతురు లోవలక్ష్మి. మిగతా పిల్లలు క్యారియరెక్కితే కబుర్లు చెబుతారు. లోవ ఊరుకునేది. దారిలో ఎవరి వాకిట్లో బిందె చిల్లిపడిందో, ఎవరు ఎడంచేత్తో బరువు మోస్తున్నారో చూస్తూ కూర్చునేది. నూకరాజు మోటారు సైకిలు కొన్నాక పాత సైకిలు ముక్కలైంది. చక్రాలు ఒకరు పట్టుకెళ్లారు, హ్యాండిలు ఇంకొకరు. నన్నెవరూ అడగలేదు. పశువుల పాక చూరుకింద వేలాడదీశారు. అక్కణ్ణించి వంటింటి గుమ్మం బాగా కనిపించేది.

ఆ వంటిల్లు నూకరాజు తల్లి అప్పయమ్మది. ఆవిడ అన్నం వారిస్తే గంజి సన్నటి దారంలా కుడితి కుండలో పడేది, మెతుకు జారేది కాదు. అలాంటి చేతికి వణుకు పట్టుకుంది. కిందటి వానాకాలం ఒక రోజు మసిగుడ్డ జారింది, మూత జారింది, గంజి మోచేతిదాకా కాల్చింది. నెలరోజులకు పుండు మానింది. కానీ కోడలు బేబి పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

"సాలత్తా, ఒకసారి సూశాను. మళ్లీ సూళ్లేను. నువ్వా అరుగు మీద కూకో, నేనొండిపెడతా."

కోపంతో అన్నది కాదు, భయంతో అన్నది. అందుకే అప్పయమ్మ వెళ్లి అరుగు మీద కూర్చుంది. కంచంలో అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టింది. పలకరించినవాళ్లతో, "వొండే సెయ్యి ఆగిపోయాక ఎంత తింటే ఏముందమ్మా" అనేది.

అలా ఉండగా బడిలో సైన్సు టీచరమ్మ తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పింది. ఇంట్లో రోజూ ఎదురయ్యే ఒక ఇబ్బందిని కనిపెట్టాలి, దానికొక పరికరం తయారుచేయాలి, ప్రదర్శనకు తేవాలి. లోవ ఇంటికొచ్చి అందరినీ అడిగింది.

"మనింట్లో ఇబ్బందులేంటమ్మా?"

"ఇబ్బందులా? మనకేం లోటే? పోయి ఆ బిందె ఇలా పట్రా... అబ్బా, నడుం!" అంది బేబి.

లోవ బిందె తెచ్చిచ్చింది. తర్వాత నోటు పుస్తకం తీసుకుని పాకలో, సరిగ్గా నా కింద కూర్చుంది. ఆ రోజు నుంచి వారం పాటు ఇంట్లో ఎవరు "అబ్బా" అన్నా, "అయ్యో" అన్నా, "ఛీ" అన్నా ఆ పని పేరూ, అన్నవాళ్ల పేరూ రాసి ఎదురుగా ఒక్కో గీత పెట్టింది. మనుషుల తీరే అంత. కష్టమేమిటని అడిగితే ఏమీ లేదంటారు. నోరు మాత్రం దానంతటది చెప్పేస్తుంది.

వారం తిరిగేసరికి బిందె ఎత్తడానికి పదకొండు గీతలు, తలుపు గొళ్లేనికి ఆరు, అన్నం వార్చడానికి పద్నాలుగు వచ్చాయి. రోజుకు రెండు పూటలా, ఒక్కసారీ తప్పకుండా బేబి కూడా "అబ్బా" అంటోందన్నమాట. ఏ పనీ లేని అప్పయమ్మ పేరు ఎదురుగా ఒక్క గీతా లేదు. లోవ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. నా స్ప్రింగు పట్టీ పైకి లాగి వదిలింది. టప్! ఇన్నేళ్ల తుప్పులోనూ నా పట్టు చెడలేదు.

వెల్డింగు షాపు వీర్రాజు నాకు కాళ్లు అతికాడు. నా ఒళ్లు అన్నం గిన్నెను వంచి గంజి వార్చే పీట అయింది. పట్టీని ఊడదీసి, గిన్నె మూతను అదిమిపట్టేలా పైకి ఎక్కించారు. పీట కాళ్ల మీద వంగేలా రెండు పక్కలా బోల్టులు, ముందుకు వంచడానికి ఒక పిడి. అన్నంతో ఆటలాడకూడదని ఆ ఇంట్లో కట్టుబాటు. అందుకని నీళ్లతో చూశారు. అవీ వీధి చివరి బోరింగు నుంచి మోసుకొచ్చినవని రెండు గ్లాసులే పోశారు. బ్రహ్మాండంగా వంగాను. లోవ మొహం వెలిగిపోయింది. నాకూ గర్వం తలకెక్కింది.

ఆదివారం నిజం అన్నం పెట్టారు. నిండు గిన్నె. లోవ పిడి కాస్త కదిపిందో లేదో, గిన్నె బరువంతా ఒక్కసారిగా ముందుకు తూలింది. నా కాళ్లు లేచిపోయాయి. మూతను నేను వదల్లేదు, అది దేవుడికి తెలుసు. కానీ గంజీ అన్నమూ నేలపాలయ్యాయి. లోవ వెనక్కి దూకింది కాబట్టి సరిపోయింది.

"మీ మామ్మ కాలింది సాల్లేదా? నువ్వూ కాల్చుకుంటావా?" బేబి లోవను పక్కకు లాగింది. "మంగళారం పాతినుప సామానోడొస్తాడు. దీన్ని ఆడికి పడేత్తా."

లోవ ఏడవలేదు. నా పక్కన చతికిలబడింది. కాసేపటికి అరుగు దిగి అప్పయమ్మ వచ్చింది. నన్ను అటూ ఇటూ ఊపి చూసింది.

"ఒసే లోవా, ఉయ్యాల యెక్కడ కడతారే?"

"దూలానికి మామ్మా."

"పైన కదా? పిల్ల కిందనుంటది, తాడు పైనుంటది. నువ్వేమో గిన్నెని నెత్తినెట్టుకుని, కీళ్లు కిందెట్టావు. కింద కడితే పిల్ల బోర్లా పడదా మరి?"

లోవ నోరు తెరుచుకుని అలాగే చూసింది. సైన్సు పుస్తకంలో చదివినదేదో ఉయ్యాల రూపంలో ఎదురుగా వచ్చి నిలబడినట్టుంది ఆ చూపు. మర్నాడే వీర్రాజు కాళ్లు పైకి పొడిగించి, బోల్టులు తీసి గిన్నె అంచు ఎత్తుకు పెట్టాడు. ఊచలు పైనుంచి దిగాయి. నేను ఉయ్యాల పలకనయ్యాను.

మంగళవారం పాత ఇనుము వాడు రానే వచ్చాడు. బేబి పాకలో వెతికింది. అప్పయమ్మ గడ్డి బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. బుట్ట కింద నేనున్నాను.

"అత్తా, ఆ ఇనుపది యేదీ?"

"నాకేం తెల్సే? నన్ను నువ్వేగా కూకోమన్నావు. కూకున్నాను."

ఇక అన్నం పారబోయకుండా పరీక్షించడమెలా? దానికీ దారి ఆవిడే చూపింది. గేదెకు రోజూ ఉడికించే ఉలవలున్నాయి కదా! బరువు బరువే, చిక్కదనం చిక్కదనమే, ఒలికితే గేదె నాకేస్తుంది. పది రోజులు పాక దగ్గర ఉలవలు వార్చారు. మొదటి రోజు గేదెకు నేల మీదే భోజనం. నాలుగో రోజుకు చుక్క ఒలకలేదు. పిడి వదిలేస్తే చాలు, గిన్నె తనంతట తానే లేచి నిటారుగా నిలబడేది.

ఆ పది రోజులయ్యాక ఆదివారం వచ్చింది. లోవ తల్లి చెయ్యి పట్టుకుని, "ఒక్కసారమ్మా. నీ ఎదురుగానే" అంది. బేబి పొయ్యి మీది గిన్నెను తనే దించి నా మీద పెట్టింది. ఆమె దృష్టిలో అదే ఒప్పుకోవడం.

అప్పయమ్మ పిడి పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఊచల మీదుగా నా దాకా వచ్చింది, నా దగ్గర ఆగిపోయింది. గిన్నె మెల్లగా వంగింది. గంజి సన్నటి దారమై కుడితి కుండలోకి దిగింది. మధ్యలో కావాలనే ఆవిడ చెయ్యి వదిలేసి కోడలి వైపు చూసింది. గిన్నె బుద్ధిగా లేచి నిలబడింది.

"ఓసి నీ అమ్మ కడుపు సల్లగుండా!" అంది అప్పయమ్మ మనవరాలితో.

ఆ అమ్మేమో కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "రేపట్నుంచి పొద్దుటి వంట నీదే అత్తా. కూర మాత్రం నేనొండుతాను. నీది ఉప్పెక్కువ."

"నీ నాలికే సప్పన!"

ప్రదర్శనలో పక్క బల్లల మీద లైట్లు వెలిగాయి, బొమ్మ రాకెట్లు లేచాయి. పరీక్షించడానికొచ్చిన పెద్దాయన నన్ను చూసి, "దీనికి మోటారేదమ్మా?" అని అడిగాడు.

బయట ఎప్పుడూ నోరు విప్పని లోవ ఆ రోజు విప్పింది. "మా మామ్మేనండి" అంది. పక్కనే కొత్త చీర కట్టుకుని నిలబడ్డ మోటారు ముందుకొచ్చి అందరి ఎదుటా అన్నం వార్చి చూపించింది. మొదటి బహుమతి మాదే. బడి పిల్లలకు వండిపెట్టే ఆడవాళ్లిద్దరు బహుమతి సంగతి కూడా పట్టించుకోకుండా, పెద్ద గిన్నెకు సరిపడేది ఒకటి చేయించమని లోవ వెంటపడ్డారు.

ఇప్పుడు నా చోటు పొయ్యి పక్కన. అప్పయమ్మ కంచంలో మెతుకు మిగలడం లేదు. నిన్న లోవ నోటు పుస్తకంలో అన్నం వార్చడం అన్న మాటను కొట్టేసి, బిందె ఎత్తడం అన్న మాట కింద గీత గీసింది. తర్వాత పాకలోకి వెళ్లి చూరు వైపు తలెత్తి చూసింది. అక్కడ ఒక పాత బావి గిలక వేలాడుతోంది. పాపం, తన కాలం అయిపోయిందనుకుంటోంది.