మసి వేలిముద్రలు

సఫర్ ఇంట్లో ఎవరైనా మేకను ‘మీరు’ అంటున్నారంటే, ముందురోజు దొడ్డి గడియ పెట్టడం మరిచిపోయారని అర్థం. ఇంటి ఒప్పందంలో అది రెండో షరతు. గడియ మరిచిన మనిషి మర్నాడు పొద్దుగూకేదాకా మేకను డైరెక్టరమ్మగారూ అని పిలవాలి, అనుమతి అడిగి గడ్డి వేయాలి, పాలు పితికాక వినయంగా వెనక్కి నడవాలి. వేళకు టీ కాచనివాళ్ళు వాకిట్లో నిలబడి, పక్కింటికి వినపడేలా పెళ్ళిపాట పాడాలి. సఫర్ తనకూ ఒక షరతు పెట్టుకున్నాడు. రోజుకు మూడుసార్లకు మించి మూలిగితే ఆరేళ్ళ చిన్నకూతురు నిసో ఆయన మీసాలకు రిబ్బను కట్టవచ్చు. రెండో మూలుగు వినపడగానే నిసో రిబ్బను పట్టుకుని మంచం దగ్గర కాపు కాసేది.

పెద్దకూతురు ఆనార్‌కు పన్నెండేళ్ళు. చేతిరాత బాగుంటుందని ఒప్పందం దానిచేతే రాయించారు. కెటిల్ అడుగు మసి అద్దుకుని నలుగురూ వేలిముద్రలు వేశారు. కాగితం గోడకెక్కింది.

కొండల నడుమనున్న రష్త్ లోయలో సఫర్ నోటి సంగతి తెలియని ఊరు లేదు. జనాన్ని నవ్వించడానికి పెళ్ళిళ్ళకు పిలిచేవారు. రష్యాకు ఇళ్ళు కట్టే పనికి పోయి, రెండేళ్ళ కిందట నాలుగో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుము నుంచి కిందికి అక్కడే వదిలేసి నోరొక్కటి తెచ్చుకున్నానని, చూడవచ్చిన వాళ్ళకు తనే చెప్పి నవ్వించేవాడు. వచ్చినవాళ్ళు నవ్వాలో ఏడవాలో తెలియక టీ తాగి లేచిపోయేవారు.

మంచంలో ఆయనను వేళవేళకు పక్కకు దొర్లించాలి, లేకపోతే వీపు పుండవుతుంది. దానికి పుచ్చకాయల బండి దించడమని పేరు పెట్టాడు. ఆనార్ దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని మెల్లగా లాగాలి. ఆయన అబ్బా అన్నాడంటే కాయ పగిలినట్టు, ఆనార్ ఓడినట్టు. మొదట్లో రోజూ నాలుగైదు కాయలు పగిలేవి. చలికాలం గడిచేసరికి ఒక్కటీ పగలకుండా దించే ఒడుపు పట్టుబడింది. అమ్మ మవ్జూదా గుమ్మంలో నిలబడి చూసేది గాని నవ్వేది కాదు. పాపం అలిసిపోయిందనుకునేది ఆనార్.

కొట్టకుండా తిట్టకుండా ఆడపిల్లల్ని ఇంత పనిమంతుల్ని ఎలా చేశావయ్యా అని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటే సఫర్ మీసం దువ్వుకునేవాడు. పిల్లలు ఆటకోసం ఆడతారు. పెద్దవాళ్ళు ఊరికే ఆడరు, ఆ సంగతి పిల్లలకు చెప్పరు.

వసంతం వచ్చి శనగ గింజలంత మొగ్గలు చెట్లమీద ఉబ్బుతున్న రోజుల్లో, ఒక పొద్దున మవ్జూదా తలుపు పక్కన గోడకు మేకు కొడుతోంది. ఆ చోటు ఆనార్‌కు తెలుసు. ఆ లోయలో దూరం వెళ్ళేవాళ్ళు రొట్టెను ఒకసారి కొరికి వదిలేసి వెళతారు. మిగిలిన రొట్టె గోడకు వేలాడుతూ వాళ్ళకోసం చూస్తుంది. తిరిగొచ్చాక తింటారు. నాన్న కొరికిన రొట్టె అక్కడే మూడేళ్ళు వేలాడింది. ఆయన స్ట్రెచర్ మీద వచ్చి దాన్ని టీలో నానబెట్టుకుని తిన్నరోజే అమ్మ ఆ మేకు పీకి అవతల పారేసింది.

మేకు దేనికని అడిగితే జల్లెడకని చెప్పింది అమ్మ. జల్లెడ మేకు జల్లెడకు ఉండనే ఉంది.

ఆనార్ లోపలికి పోయి గోడమీది కాగితాన్ని మళ్ళీ చదివింది. టీ, మేక, రొట్టెలు, నీళ్ళు, నాన్న పక్క. తన చేతిరాతతో తనే రాసింది, ఒక్కొక్కటీ అమ్మ పనే. అన్నీ పంచేశాక అమ్మకంటూ ఆ ఇంట్లో పని మిగల్లేదు. దానికి ఏడుపు కన్నా ముందు ఒళ్ళు మండింది.

పనులు సరిగ్గా జరక్కపోతే అమ్మకు ఇల్లు కదలడానికి వీలుండదు. పన్నెండేళ్ళ పిల్ల ఆలోచన గాని, తప్పు ఆలోచనేమీ కాదు. ఆరోజు నుంచి గడియ పెట్టడం మానేసింది. మేక పోయి పక్కింటివాళ్ళ మొలకలు మేసొచ్చింది. దానికి గాలి తగలనీయమని తానే చెప్పానన్నాడు సఫర్. టీ కాచడం మానేసింది. తనకే తాగాలనిపించలేదన్నాడు, పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. దొరికిపోవాలని పిల్ల చూస్తుంటే దొరకనివ్వకుండా తండ్రి అడ్డుపడుతున్నాడు. పెళ్ళిపాట పాడమని ఎవరూ అనలేదు. ఆనార్‌కు తండ్రి ముఖం చూడబుద్ధి కాలేదు.

రొట్టెలు కాల్చే రోజు వచ్చింది. అమ్మ ఏటి దగ్గర బట్టలుతుకుతోంది. ఆనార్ తందూరు గోడకు రొట్టెలన్నీ చరిచి, పక్కన కూర్చుని, తీయలేదు. ఆ లోయలో రొట్టెముక్క కిందపడితే తీసి కళ్ళకద్దుకుని ఎత్తున పెడతారు. తెలిసి తెలిసి రొట్టెను మాడ్చడమంటే కన్నతల్లిని కొట్టడం కంటే పాపం. ఆ సంగతి ఎరిగే కూర్చుంది. పొగ కమ్ముకొస్తుంటే ఏడుస్తూ కూర్చుంది గాని చెయ్యి పెట్టలేదు.

మవ్జూదా తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. నోరు తెరవకముందే కిటికీలోంచి సఫర్ కేక వేశాడు. “దాన్నేం అనకు. నేనే లోపలికి పిలిచాను. కాలు ఒకటే పీకుతోంది.”

ఆ కాళ్ళకు నిప్పు తగిలినా తెలియక రెండేళ్ళయింది. ముగ్గురికీ తెలుసు. మవ్జూదా కొంగుతో ముఖం తుడుచుకుని, మాడిన రొట్టెలను తందూరులోంచి ఒక్కొక్కటే తీయడానికి కూర్చుంది.

ఆనార్ తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. “ఎందుకు నాన్నా అబద్ధాలు చెబుతావు?”

ఈసారి సఫర్ మీసం దువ్వుకోలేదు. “మీ అమ్మ రష్యా వెళ్ళాలి తల్లీ. నేను లేవలేను, నువ్వు చిన్నదానివి. సంపాదించడానికి ఇంకెవరున్నారు?”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా.”

“చెబితే ఈ పనులు నేర్చుకునేదానివా?”

“లేదు.”

“అందుకే నవ్వించా,” అన్నాడు సఫర్.

మవ్జూదా లోపలికొచ్చింది. ఉన్నవాటిలో తక్కువ మాడిన రొట్టెను ఏరి తెచ్చి, నలుపు గీకకుండానే ఒక్కసారి కొరికింది. మిగిలింది ఆనార్ చేతిలో పెట్టి మేకుకు తగిలించమంది. “ఇంత మాడితే పురుగు కూడా పట్టదులే. ఎన్నాళ్ళకొచ్చినా నాకోసం ఉంటుంది,” అంది. ఆమె వేళాకోళమాడటం ఆ ఇంట్లో అదే మొదలు. ఎవరికీ నవ్వు రాలేదు. నిసో మాత్రం రొట్టె ఎందుకు మాడిందని అడుగుతూ తిరిగింది.

మర్నాడు పొద్దున వ్యాను వచ్చింది. మవ్జూదా పిల్లలిద్దరి తలలూ వాసన చూసి, భర్త కాళ్ళమీద దుప్పటి సర్ది ఎక్కేసింది. వ్యాను మలుపు తిరిగేదాకా ఆనార్ ఏడవలేదు.

సఫర్ ఒప్పందం కాగితం దింపి తెమ్మన్నాడు. ఇప్పటిదాకా షరతులన్నీ తనవేననీ, ఇకమీదట ఇల్లు నడిపేది ఆనార్ గనుక దానికీ ఒక షరతు రాసుకునే హక్కు ఉందనీ, ఏది రాసినా వేలిముద్ర వేస్తాననీ అన్నాడు. సెలవు రోజుల్లో పడుకోవడమో, మేకను నిసోకు అప్పజెప్పడమో రాస్తుందనుకున్నాడు.

ఆనార్ అడుగున ఒకే వాక్యం రాసింది. ‘నాన్న ఇక నన్ను నవ్వించకూడదు.’

సఫర్ దాన్ని రెండుసార్లు చదివాడు. కెటిల్ అడుగున బొటనవేలు రాసి, కాగితం మీద గట్టిగా అద్దాడు.

మాట తప్పలేదు. ఇంట్లో పనులన్నీ గడియారం తిరిగినట్టు జరిగాయి. గడియ పడుతోంది, టీ వేళకు వస్తోంది, వీపుమీద పుండు లేదు. నిసో డైరెక్టరమ్మగారి కబుర్లు చెప్పమని మారాం చేస్తే సఫర్ ఆనార్ వైపు చూసేవాడు. ఆనార్ తలెత్తేది కాదు. తర్వాత చెబుతానని కళ్ళు మూసుకునేవాడు. పది రోజులయ్యేసరికి ఆ నిశ్శబ్దం ఆనార్‌కే భరించరానిదైంది. కాగితం చింపేయాలని ఎన్నిసార్లో అనిపించింది. తనంతట తాను దిగిరావడానికి మనసొప్పలేదు. తండ్రి ఒక్కసారైనా మాట తప్పుతాడేమోనని లోపల్లోపల ఎదురుచూసింది.

ఆదివారం మవ్జూదా ఫోను చేసింది. ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతోందట, చేతులు పగిలాయట. చలి ఇంకా పోలేదట. అవన్నీ చెప్పి, ఆ తర్వాత అడిగింది. “మీ నాన్న నవ్విస్తున్నాడా?”

ఆనార్ మంచం వైపు చూసింది. సఫర్ కప్పు పట్టుకుని, తాగకుండా కూతురి వైపే చూస్తున్నాడు.

“అబ్బో, పొద్దస్తమానం అదే పని,” అంది ఆనార్. గొంతులో ఎక్కడా వణుకు లేదు. “నిసో అయితే నవ్వీ నవ్వీ టీ మీద పోసుకుంది. నువ్వేం బెంగ పెట్టుకోకు.”

అవతల మవ్జూదా గట్టిగా ఊపిరి వదిలింది. “నా తల్లే. అయితే నాకిక దిగుల్లేదు. ఇక్కడ ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు. మీరెలా ఉన్నారో తెలియక వాళ్ళకు ఏమీ చెప్పలేదు. రేపు సరేనంటాను.”

సఫర్‌కు ఆ మాటలు వినపడలేదు. ఏమంటోందని చేత్తో సైగ చేసి అడిగాడు.

“మంచిదమ్మా,” అంది ఆనార్ ఫోనులో.